మా వార్డ్‌ల మొహల్లా కమిటీ అయ్యింది, దొంగతనాలు తగ్గాలంటె ముందుగాల ఏం పట్టుకోవాలె?

కాలరీ_బిడ్డ (చంద్రపూర్)

అందరికి నమస్తే. మాది చంద్రపూర్, బొగ్గు బాయిల దిక్కు వస్తీ. మా తాత కరీంనగర్ జిల్లా నుంచి బాయి పనికొచ్చి ఇక్కడ్నే స్థిరపడ్డడు. మా గల్లీల సగం మంది మనోళ్ళే, మిగిలినోళ్ళు మరాఠోళ్ళు, గోండోళ్ళు, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినోళ్ళు, ఈ మధ్య కిరాయికి దిగిన బిహార్ పిల్లలు కొంతమంది. వార్డ్ పేరు కావాల్ననే రాస్తలేను, ఎవర్నో బద్నాం చేసుడు నా ఉద్దేశం కాదు.

సంగతి ఏందంటె వానకాలం నుంచి మా దిక్కు ఘర్‌ఫోడీలు, అంటె ఇండ్లు పగులగొట్టి చేసే దొంగతనాలు, ఎక్కువైనయి. ఊరికి పోయి తాళమేసిన ఇండ్లు చూసి కొడుతున్నరు, బండ్లల్ల పెట్రోల్ గుంజుతున్నరు, బోరు మోటర్‌ కాడి రాగి వైరు కూడ ఇడిసిపెడ్తలేరు. అన్నిటికన్న మనసుకు తగిలింది మా ఎనక గల్లీ పెద్దమ్మ సంగతి. తెల్లారగట్ల నల్లా వస్తది గదా, బిందె పెట్టి వంగిందట, బండి మీద ఇద్దరొచ్చి పుస్తెలతాడు గుంజుకపోయిండ్రు, మెడ చుట్టు తోలు లేచి ఎర్రగ వాతలు తేలినయి, ఇప్పటికీ ఆమె నీళ్ళకు బయటికొస్తలేదు, కోడలు పోతున్నది. ఆ నల్లాకాడి లైటు ఎన్నడు వెలిగిందో ఎవ్వలికీ యాదికి లేదు.

మగోళ్ళు రాత్రి పన్నెండు గంటల షిఫ్ట్‌కు పోతె ఇండ్లల్ల ఆడోళ్ళు, ముసలోళ్ళే ఉంటరు. దాని మీద నాలా గోడ కాడ కూసునే పిల్లలు, పద్నాలుగు పదిహేనేండ్లోళ్ళు, పంచర్ సొల్యూషన్ గుడ్డల పోసుకొని పీలుస్తున్నరు, వాళ్ళను చూస్తె భయం కంటె ఏడుపొస్తది, అందరు మన కండ్ల ముందర పెరిగినోళ్ళే.

ఇప్పుడు కొత్త ఠాణేదార్ సాబ్ (పోలీస్ స్టేషన్ పెద్దాయన) మీటింగ్ పెట్టి మొహల్లా కమిటీ, అంటె గల్లీ జనం, పోలీసోళ్ళు కలిసి కూసునే కమిటీ, చేయించిండు, నన్ను సచివ్ (సెక్రటరీ) అన్నరు. మొదటి మీటింగ్‌ల తలకొక మాట. ఒకాయన ఇంటికింత చందా వేసి సీసీ కెమెరాలు పెడదామంటడు, పిల్లలేమో లాఠీలు పట్టుకొని రాత్రి పహరా తిరుగుతం అంటున్నరు, ఇంకొకాయన కిరాయికున్న బయటి రాష్ట్రం వాళ్ళను ఖాళీ చేయిస్తె అన్నీ బందైతయి అంటడు, ఒక లీడర్ మనిషి ముందు బ్యానర్ కొట్టిద్దామంటడు. వచ్చే ఐతారం రెండో మీటింగ్. బల్లార్‌పూర్, రాజురా, వణీ, నాందేడ్ దిక్కు ఎవరైన గిట్ల కమిటీ నడిపినోళ్ళుంటె జర చెప్పుండ్రి, ముందు ఏం పట్టుకుంటె నిజంగ ఫరక్ పడుతది?


బల్లార్షా_మిల్_క్వార్టర్స్

తమ్మీ ముందు లైట్లు. మా కాడ కమిటీ నిలబడ్డది లైట్ల పని తోటే, ఎందుకంటె అది జనానికి కంటికి కనబడ్డ పని, అది అయినంక జనం మీటింగ్‌కు వాళ్ళంతట వాళ్ళే వచ్చిండ్రు.

ఎట్ల చేసినమంటె, రాత్రి ఎనిమిదిన్నర తర్వాత నలుగురం, అండ్ల ఇద్దరు ఆడోళ్ళు ఉండాలె, వార్డ్ అంత నడిచినం. ప్రతి కరెంట్ స్తంభం మీద నంబర్ పెయింట్ చేసి ఉంటది, అది కాపీల రాసుకున్నం, లైటు ఉన్నదా, ఉంటె వెలుగుతున్నదా, వెలిగితె చెట్టు కొమ్మ అడ్డమున్నదా అని. ఆడోళ్ళు ఎందుకు ఉండాలన్ననంటె మగోడు నడిచి "ఇక్కడ బాగనే ఉంది" అంటడు, అదే జాగల మా వదిన ఆగి "నేనైతె ఇటు నుంచి రాను, చుట్టు తిరిగి పోత" అన్నది, ఆ మాట తోటే మాకు ఖాళీ ప్లాట్ పక్క సందు ఒకటి తేలింది, అక్కడ స్తంభమే లేదు.

ఇగ దరఖాస్తు కాడ చాన మంది తప్పిపోతరు. స్తంభం, లైన్ మహావితరణ్‌ది, అంటె కరెంట్ కంపెనీది, దాని మీద లైటు మహాపాలికది, అంటె మున్సిపల్ కార్పొరేషన్‌ది. బల్బు పోయిందని మహావితరణ్‌కు పోతె పాలికకు పో అంటరు, లైన్‌ల కరెంటే లేదని పాలికకు పోతె మహావితరణ్‌కు పో అంటరు. మీరు రెండు వేరు వేరు అర్జులు రాయాలె, స్తంభం నంబర్లు వేసి. రెండో కాపీ మీద ఆవక్ (ఇన్‌వర్డ్) నంబర్, తేదీ, ముద్ర కొట్టించుకోకుండ ఆఫీసు మెట్లు దిగొద్దు. నెల రోజులకు ఏం కాకపోతె అదే ఆవక్ నంబర్ పెట్టి మాహితీ అధికార్ (ఆర్టీఐ) కింద "ఈ అర్జు మీద ఏం చర్య తీసుకున్నరు" అని అడుగుండ్రి, 30 రోజుల్ల జవాబు ఇయ్యాలె. మా కాడ సగం లైట్లు ఆ అడిగినంకనే వెలిగినయి.

లైట్ తోటి ఏమైతది అనేటోళ్ళకు ఒక మాట చెప్త. న్యూయార్క్‌ల 2016ల గవర్నమెంట్ వాళ్ళ హౌసింగ్ కాలనీలు కొన్ని చీట్లు తీసినట్టు ఎంచుకొని పెద్ద లైట్లు పెట్టి చూసిండ్రు, షికాగో యూనివర్సిటీ వాళ్ళు లెక్క తీస్తె రాత్రి పూట బయట జరిగే పెద్ద నేరాలు 36 శాతం దాక తగ్గినయి. మన వస్తీ న్యూయార్క్ కాదు, అయినా చీకటి ఎక్కడైనా చీకటే.

ఇంకోటి, ఒక రిజిస్టర్ పెట్టుండ్రి. ఏం పోయింది, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ జాగ. చిన్నదైనా రాయాలె, పెట్రోల్ పోయినా సరే. ఠాణాకు పోని దొంగతనాలే ఎక్కువుంటయి, అవి ఎవ్వరి లెక్కల రావు. మాకు కొన్ని నెలలు రాసినంక తెలిసిందేందంటె రాత్రంత కాదు, షిఫ్ట్ మారే టైంల, అంటె పన్నెండుకు అటు ఇటు, ఇంక తెల్లారగట్ల నల్లా టైంల ఎక్కువ. అప్పుడు మేము రాత్రంత పోలీస్ కావాలె అని అడగలే, ఈ రెండు టైంలల్ల బీట్ బండి ఈ రెండు చౌక్‌లల్ల ఆగాలె అని అడిగినం. గంతే అడిగితె వాళ్ళు కూడ కాదనలే, ఎందుకంటె వాళ్ళకున్న మంది తక్కువ, అయ్యే పని అడిగితె చేస్తరు.


బచత్‌గట్_వదిన

బిడ్డా నీ పోస్ట్‌ల నాకు ముందు కనబడింది ఆ నాలా గోడ మీది పిల్లలు. పుస్తెలతాడు గుంజినోళ్ళు ఎవరో నాకు తెల్వదు గని, ఈ పిల్లలను ఇప్పుడు పట్టుకోకపోతె ఇంక రెండేండ్లకు ఏమైతరో నాకు తెలుసు, మా గల్లీల చూసిన్న.

మీకు యాదుందో లేదో, మన జిల్లాల 2015 ఏప్రిల్ 1 నుంచి దారూబందీ (మందు అమ్ముడు బందు) పెట్టిన్రు, ఆడోళ్ళు ఏండ్ల తరబడి మోర్చాలు తీసి, చిమూర్ నుంచి నాగ్‌పూర్ దాక నడిచి తెచ్చుకున్న బందీ అది, నేను కూడ జెండా పట్టుకున్నదాన్నే. బందీ వచ్చిన మొదట్ల ఇంట్ల కొట్లాటలు తగ్గినయి, ఇది నేను కండ్లార చూసిన, ఎవ్వలేమన్నా ఒప్పుకోను. గని దుకాన్లు మూసిన్రు తప్ప బయటి నుంచి వచ్చేది ఆపలే, పక్క జిల్లాల నుంచి దొంగ సరుకు దిగబట్టె. అది మోసింది ఎవరు? స్కూల్ సంచిల సీసలు పెట్టుకొని పన్నెండేండ్ల పిల్లలు. ట్రిప్పుకింత అని చేతుల పైసలు పడినయి, చదువు పోయింది, ఆ పైసల తోటే గల్లీకొక దాదా తయారైండు. 2021 మే నెలల కేబినెట్ల బందీ ఎత్తేసిన్రు, దుకాన్లు మళ్ళ తెరిచిన్రు, ఆ పిల్లలు మాత్రం ఇంక ఆ పనులకే అలవాటు పడి ఉన్నరు. అందుకే చెప్తున్న, కమిటీల పోలీసోళ్ళు, మగ పెద్దమనుషులు కూసొని కెమెరాల గురించి మాట్లాడితె కాదు, ఈ పిల్లల తల్లులు ఆ మీటింగ్‌ల ఉండాలె.

సొల్యూషన్ సంగతికొస్తె, వాళ్ళకు అది ఎక్కడ దొరుకుతున్నదో పిల్లలే చెప్తరు, మెల్లగ అడిగితె. మేము ఆ దుకాన్ల ఆయన కాడికి పదిమంది ఆడోళ్ళం పోయినం, కొట్లాడలే, "అన్నా నువ్వు పంచర్ వేసేటోనికి అమ్ము, చిన్న పిల్లగాడు ఒక్కడే వచ్చి రోజుకొక ట్యూబ్ అడిగితె ఎందుకిస్తున్నవ్" అని అడిగినం. బందు చేసిండు. చెయ్యనోళ్ళకు చట్టం ఉన్నది, జువెనైల్ జస్టిస్ యాక్ట్ 2015 సెక్షన్ 77, పిల్లలకు దారూ, గాంజా, ఖర్రా పొగాకు ఇట్లాంటియి ఇస్తె ఏడేండ్ల దాక జైలు, లక్ష దాక దండుగ. పానఠేలా (పాన్ డబ్బా) ఆయనకు ఆ సెక్షన్ మరాఠీల కాగితం మీద రాసి ఇస్తె చాలు, గోడకు అతికించుకుంటడు. పిల్లగాడు తల్లి చేతికి దొరకకుండ పోయిండంటె 1098కి ఫోన్ చెయ్యుండ్రి, మత్తు మాన్పించుటానికి 14446 ఉన్నది, రెండూ ఫ్రీ.

ఇంకోటి, మీ వార్డ్‌ల దేశీ దుకాన్ ముందర కొట్లాటలు అయితుంటె మహారాష్ట్రల ఒక పద్ధతి ఉన్నది, చాన మందికి ఎరుక లేదు. 2008 ఆర్డర్ ప్రకారం వార్డ్ ఓటర్ లిస్ట్‌ల ఉన్న ఆడోళ్ళల్ల నూటికి 25 మంది సంతకాలు పెట్టి అర్జు ఇస్తె, సంతకాలు చూసి ఓటింగ్ పెడతరు. చీటీ మీద నిలబడ్డ సీస, పడుకున్న సీస బొమ్మలుంటయి. లిస్ట్‌ల ఉన్న ఆడోళ్ళల్ల సగానికి మించి ఆడవీ బాటలీకి, అంటె పడుకున్న సీసకు ఓటేస్తె ఆ లైసెన్స్ బందు. ఓటుకు వచ్చినోళ్ళల్ల సగం కాదు బిడ్డా, లిస్ట్‌ల ఉన్నోళ్ళల్ల సగం, అందుకే ఇంటింటికి తిరగాలె. చాన కష్టం. అయినా బెదిరిస్తె బందు అయ్యేటివి కావు అవి, ఓటు తోటే అయితయి.


రిటైర్డ్_జమాదార్

నేను పోలీస్ ఖాతాల 30 ఏండ్లకు పైన చేసి దిగిన, విదర్భ అంత తిరిగిన. కాలరీ బిడ్డ గారికి మూడు నాలుగు మాటలు చెప్పాలె, జర పొడుగైతది.

మొదలు ఆ పెద్దమ్మ కేసు. ఫిర్యాద్‌ల ఏం రాసిండ్రు చూడుండ్రి. 2024 జూలై 1 నుంచి కొత్త చట్టం, గొలుసు గుంజితె అది భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 304, స్నాచింగ్, మూడేండ్ల దాక శిక్ష. గని గుంజేటప్పుడు దెబ్బ తగిలించిండంటె అది జబరీ చోరీ కిందికి వస్తది, సెక్షన్ 309, పదేండ్ల దాక. మెడ మీద గాయం ఉన్నది అంటున్నరు, ఆ గాయం ఎఫ్ఐఆర్‌ల రాయించిన్రా, దవాఖానల మెడికల్ చేయించిన్రా? గాయం మానిపోతె ఇంక దానికి రుజువు ఉండదు. ఇంత చిన్న సంగతి తోటి కేసు బరువు మారిపోతది. ఆమె వయసు 60 దాటిందంటె గవాహీ (సాక్ష్యం) కోసం ఠాణాకు పిలిచే అధికారం లేదు, భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్ఎస్ఎస్) 179 ప్రకారం పోలీసే ఇంటికి పోవాలె, అసలు ఆడమనిషిని ఏ వయసులైనా గట్ల పిలువరాదు. భయం తోటి బయటికొస్తలేదు అన్నరు గదా, కమిటీ ఆడోళ్ళు పక్కన కూసుంటె ఆమె ఇంట్లనే మంచిగ చెప్తది, బండి రంగు, టోపీ, మాట తీరు, అన్ని.

ఎఫ్ఐఆర్ తీసుకోము అని ఎవరన్నా అంటె కొట్లాడొద్దు. బీఎన్ఎస్ఎస్ 173 సెక్షన్ ప్రకారం ఎఫ్ఐఆర్ కాపీ ఫ్రీగ ఇయ్యాలె, హద్దు మాది కాదు అనరాదు, ఎక్కడిదైనా జీరో ఎఫ్ఐఆర్ తీసుకోవాలె. అయినా తీసుకోకపోతె అదే సంగతి రాసి ఎస్పీ ఆఫీసుకు పోస్ట్‌ల పంపుండ్రి. 90 రోజుల లోపల తపాస్ (దర్యాప్తు) ఎంత దూరమొచ్చిందో ఫిర్యాదీకి చెప్పాలె, అది కూడ ఇప్పుడు చట్టంలనే ఉన్నది. కమిటీ ఈ తేదీలు రాసి పెట్టుకొని అడిగితె తపాస్ అధికారికి కూడ గుర్తుంటది.

లాఠీ పహరా వద్దు. నేను చేతులు జోడించి చెప్తున్న, వద్దు. 2018 జూలై 1న ధుళే జిల్లా రైన్‌పాడాల పిల్లలను ఎత్తుకపోయేటోళ్ళు వచ్చిండ్రని వాట్సాప్‌ల పుకారు పుట్టింది, సంతకు వచ్చిన నాథ్‌పంథీ డవరీ గోసావీలు ఐదుగురిని జనం గ్రామ పంచాయతీ ఆఫీసుల వేసి కొట్టి చంపిన్రు. అడుక్కొని బతికేటోళ్ళు వాళ్ళు, మంగళ్‌వేఢా దిక్కు నుంచి వచ్చిన్రు. 2020 ఏప్రిల్ 16న పాల్‌ఘర్ గడ్చించ్లేల ఇద్దరు సాధువులు, డ్రైవర్ గట్లనే పోయిండ్రు. ఆ ఊర్ల జనం కూడ మేము ఊరిని కాపాడుతున్నం అనే అనుకున్నరు. చీకట్ల నలుగురు పిలగాండ్ల చేతుల్ల కట్టె ఉంటె, ఎదురుంగ తెల్వని మనిషి ఉరికితె, చెయ్యి ఆగదు.

కండ్ల ముందర దొంగతనం అయితె పట్టుకునే హక్కు మనకు ఉన్నది, బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 40. పట్టుకొని 112కి ఫోన్ చేసి ఆరు గంటల లోపల పోలీసుకు అప్పజెప్పాలె. కొట్టే హక్కు లేదు. ఐదుగురు గాని అంతకు మించి గాని కలిసి కులం, భాష, పుట్టిన ఊరు చూసి మనిషిని చంపితె న్యాయ సంహిత 103(2), అందరికీ ఉరి లేకపోతె జన్మఠేప్ (యావజ్జీవం). పిల్లలకు ఇది మీటింగ్‌ల చదివి వినిపియ్యుండ్రి. పహరా కావాలె అంటె లాఠీ లేకుండ, ఈల, టార్చ్, బీట్ అమల్దార్ (బీట్ పోలీసు) ఫోన్ నంబర్ తోటి, పెద్దోళ్ళు ఒకరు వెంట ఉండి తిరగాలె.

ఇగ గల్లీ దాదాల సంగతి. గవాహీ చెప్పే ధైర్యం ఎవ్వరికీ ఉండదు, మాకు తెలుసు. దానికే మహారాష్ట్ర పోలీస్ చట్టం 1951ల తడీపార్ ఉన్నది, సెక్షన్ 55, 56, 57, రెండేండ్ల దాక జిల్లా బయటికి పంపొచ్చు. 56 కింద భయపడే గవాహీల జబాబ్ (వాంగ్మూలం) గుప్తంగ తీసుకుంటరు, పేరు అవతలోనికి ఇయ్యరు. గని ఇది ఎవని మీదనో పగ తీర్చుకునేటందుకు వాడొద్దు, హైకోర్టుల నిలవదు, నిలవకుండ తిరిగొచ్చినోడు ముందు కంటె ముదురుతడు.


వైర్‌మ్యాన్_నాందేడ్

సీసీ కెమెరాల గురించి షార్ట్‌గ చెప్త, నేను బిగించే పనిల ఉన్న. చందా వసూలు చేసి ముప్పై కెమెరాలు పెట్టిన కాలనీ చూసిన, ఆర్నెల్లకు సగం బందు, అడాప్టర్ పోయిందని బాగు చేయించేటోడు లేడు. మీకు వార్డ్‌లకు వచ్చే తొవ్వలు ఎన్నో చూడుండ్రి, మూడో నాలుగో ఉంటయి, ఆ మొగల కాడ మాత్రమే పెట్టుండ్రి, అది కూడ నంబర్ ప్లేట్ పడేటట్టు కిందికి, మనిషి ఛాతి ఎత్తుకు కొంచెం పైన నుంచి కోణం పెట్టి. అందరు స్తంభం కొనకు పెడతరు, అక్కడి నుంచి తలకాయ టోపీ తప్ప ఏం కనబడదు. లైటు లేని కాడ రాత్రి నంబర్ ప్లేట్ తెల్లగ మెరిసి చదవరాదు, కాబట్టి పైన అన్న చెప్పిన లైట్ల పని అయ్యేదాక కెమెరా కొనకుండ్రి.

డీవీఆర్‌ల (కెమెరా రికార్డింగ్ డబ్బాల) రికార్డింగ్ హార్డ్‌డిస్క్ నిండంగనే పాతది చెరిగిపోతది. ఎన్ని రోజులు ఉంటదో బిగించినోన్ని అడిగి గోడ మీద రాసి పెట్టుండ్రి, దొంగతనం అయిన రోజే పెన్‌డ్రైవ్‌ల తీసి పెట్టాలె. కోర్టుకు పోవాలంటె భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) 2023 సెక్షన్ 63 సర్టిఫికెట్ కావాలె, డీవీఆర్ ఎవరి ఇంట్ల ఉన్నదో ఆయన సంతకం పెట్టాలె, ముందే ఒప్పుకునే మనిషి ఇంట్లనే పెట్టుండ్రి. ఎవరి గుమ్మంల, బాత్రూం దిక్కు, ఆడోళ్ళు బట్టలారేసే దిక్కు తిప్పరాదు, దీని మీద కొట్లాటలయి కమిటీలే విరిగిపోయినయి.

ఫోన్ పోయినోళ్ళు రిజిస్టర్‌ల రాసుడే కాదు, సర్కారు సంచార్ సాథీ సైట్‌ల సీఈఐఆర్ అనే కాడ ఐఎంఈఐ (ఫోన్‌కు ఉండే గుర్తింపు నంబర్) బ్లాక్ చేయాలె, 2023 మే నుంచి దేశమంతట ఉన్నది. ఎఫ్ఐఆర్ కాపీ, ఐడీ కావాలె. మా కాడ కొంతమందికి ఫోన్లు తిరిగొచ్చినయి.


రాజురా_యువకుడు

అన్నలందరు మంచిగనే చెప్పిన్రు గని నాకు నమ్మకం లేదు. కమిటీ అంటె గణపతి, మహాకాళీ జాత్ర ముందర ఠాణాల చాయ్ తాగి ఫోటో దిగుడే, తర్వాత ఎవ్వడు పట్టించుకోడు. 2022 నుంచి మొన్న 2026 జనవరి ఎన్నికల దాక చంద్రపూర్ మహాపాలికల నగర్‌సేవకులే (కార్పొరేటర్లే) లేరు, సర్కారు పెట్టిన ప్రశాసకుడే. నాలి తీపించుకునే దిక్కు లేదు. ఇప్పుడు 66 మంది వచ్చిండ్రు, వాళ్ళ పని కూడ మనమే చేస్తె వాళ్ళెందుకు?


బల్లార్షా_మిల్_క్వార్టర్స్

తమ్మీ నీ కోపం నాకర్థమైంది, అందుకే అంటున్న, నగర్‌సేవకుని కాడికి నోటి మాట తోటి పోతె ఆయన కూడ నోటి మాట తోటే పంపుతడు. స్తంభం నంబర్ల లిస్ట్ తోటి పోతె ఆయనకు తప్పించుకునే తొవ్వ ఉండదు, పని చేసే ఉద్దేశం ఉన్నోడైతె ఆ లిస్టే ఆయనకు ఆయుధం. ఆయన పని మనం చేస్తలేము, అడుగుతున్నం. బ్యానర్ మీద మాత్రం ఏ పార్టీ లీడర్ ఫోటో వెయ్యకుండ్రి, వేసిన రోజు నుంచి అవతలి పార్టీ ఇండ్లోళ్ళు మీటింగ్‌కు రారు.


అక్షరం_సిరోంచా

నేను గడ్చిరోలి జిల్లా సిరోంచా, టీచర్‌ని, కొన్నేళ్ళు చంద్రపూర్‌లో ఉన్నాను. కిరాయివాళ్ళను ఖాళీ చేయిద్దామన్న మాట దగ్గర ఎవరూ గట్టిగా మాట్లాడలేదు కాబట్టి నేను రాస్తున్నాను.

కాలరీ బిడ్డా, మీ తాతగారు బాయి పనికి వచ్చినప్పుడు ఆయనా బయటి రాష్ట్రం మనిషే కదా. మరాఠీ రాదు, నలుగురు కలిసి ఒక ఖోలీలో ఉండేవాళ్ళు, రాత్రి షిఫ్ట్ దిగి అర్ధరాత్రి వీధుల్లో నడిచేవాళ్ళు, ఆ రోజుల్లో ఏదన్నా పోతే ముందు మనవాళ్ళ గుడిసెల్లోనే వెతికేవాళ్ళని మా నాన్న చెప్పేవాడు. ఇప్పుడు బిహార్ పిల్లలు సరిగ్గా అదే స్థితిలో ఉన్నారు. మనం వాళ్ళతో అలా చేస్తే మన పెద్దవాళ్ళు పడ్డదానికి అర్థమే లేదు.

కిరాయిదారుల సమాచారం పోలీసులకు ఇవ్వడం తప్పుకాదు, ఇవ్వాల్సిందే, కానీ అది ఇంటి యజమాని పని, అందరికీ ఒకేలా ఉండాలి. మహారాష్ట్ర పోలీస్ సిటిజన్ పోర్టల్‌లోనే నింపొచ్చు. మన తెలుగువాళ్ళ ఇంట్లో కిరాయికి దిగిన తెలుగు కుర్రాడిదీ నింపాలి, బిహార్ కుర్రాడిదీ నింపాలి. తర్వాత ఆ పిల్లల్లో ఒకరిని కమిటీలోకి తీసుకోండి. రాత్రి రెండింటికి మెలకువగా ఉండేది వాళ్ళే, మీ వీధిలో ఏం జరుగుతుందో మీకంటే ముందు వాళ్ళకే కనిపిస్తుంది, కానీ పోలీసుకు చెప్తే తమ మీదికే వస్తుందని నోరు మూసుకుంటారు. ఆ భయం పోగొడితే మీకు పది కెమెరాలు పెట్టినంత.

ఈ మొహల్లా కమిటీ అనేది మన మహారాష్ట్రలో పుట్టి పనిచేసి చూపించిన పద్ధతే, అది కూడా ఎక్కడ? భివండీలో. 1970లో, 1984లో ఘోరమైన అల్లర్లు చూసిన ఊరు. 1988లో అక్కడికి డీసీపీగా వచ్చిన సురేశ్ ఖోపడే గారు వీధి వీధికీ కమిటీలు వేయించారు, హిందువులు ముస్లింలు ఇద్దరూ ఉండేలా, మామూలు జనంతో. నల్లా దగ్గర తగువు, గోడ తగువు, పిల్లల కొట్లాట, ఇలాంటివి అక్కడే కూర్చుని మాట్లాడుకునేవారు, బీట్ కానిస్టేబుల్‌కి ఆ వీధిలో మనుషులు పేరుపేరునా తెలిసేవారు. 1992 డిసెంబర్, 1993 జనవరిలో పక్కనే ముంబై తగలబడుతుంటే భివండీ ప్రశాంతంగా ఉంది. ఆ తర్వాతే ముంబైలో పోలీస్ కమిషనర్లుగా చేసిన జూలియో రిబెరో, సతీశ్ సాహ్నీ లాంటి వాళ్ళు మొహల్లా కమిటీల ఉద్యమం నడిపారు. నాకు అందులో ముఖ్యంగా కనిపించేది, వాళ్ళు పెద్ద గొడవ వచ్చేదాకా ఆగలేదు, ఏమీ లేని రోజుల్లో కూడా కూర్చున్నారు.

మీ కమిటీలో పేర్లు ఒకసారి చూసుకోండి. అన్నీ తెలుగు పేర్లే ఉంటే, అన్నీ మగ పేర్లే ఉంటే, ఐతారం మీటింగ్‌లో మొదట అది మార్చండి.


కాలరీ_బిడ్డ (చంద్రపూర్)

అందరికి పేరుపేరున దండాలు. టీచర్ గారు మీరు చెప్పిన మాట మా అమ్మకు చదివి వినిపించిన, "మీ తాతను కూడ గట్లనే ఒకసారి చౌకీల కూసోబెట్టిన్రు" అన్నది, నాకు ఇన్నేండ్లల్ల ఎవ్వరు చెప్పలే ఆ సంగతి.

జమాదార్ సాబ్, మీరు రాసింది చూసి పొద్దున్నే పెద్దమ్మ కాడికి పోయిన. ఎఫ్ఐఆర్‌ల గాయం సంగతి లేదు, 304 ఒక్కటే ఉన్నది, మెడికల్ కాలే. వాతలు ఇంక పూర్తిగ మానలే, నల్లగ కనబడుతున్నయి, ఇయ్యాలనే దవాఖానకు తోలుకపోతున్నం, నా భార్య, ఎనక ఇంటి మరాఠీ కాకూ వెంట వస్తున్నరు. ఇప్పుడు ఆ గాయం ఎఫ్ఐఆర్‌ల ఎట్ల ఎక్కించాలె? కొత్తగ ఇంకో ఫిర్యాద్ ఇయ్యాల్నా?

ఐతారం మీటింగ్ ఠాణాల కాదు, నల్లాకాడ పొద్దుగూకినంక పెడ్తున్నం, చీకటి అందరు చూస్తరని. లిస్ట్‌ల ఐదుగురు ఆడోళ్ళు, ఛత్తీస్‌గఢీ మిస్త్రీ ఒకాయన, కిరాయి పిల్లల్ల ఒకడు ఒప్పుకున్నరు. లాఠీ పిల్లలతోటి నేను, మా కాకా కూసొని మాట్లాడుతం, వాళ్ళకే రిజిస్టర్ రాసే పని ఇస్తె మంచిగుంటదనుకుంటున్న. వదినా, నాలా గోడ పిల్లల తల్లులు ఇద్దరు మీటింగ్‌కు వస్తమన్నరు, ఒకామె మాత్రం తలుపు తియ్యలే, మళ్ళ పోవాల్నా, కొన్ని రోజులు ఆగాల్నా?


బచత్‌గట్_వదిన

మళ్ళ పో బిడ్డా, గని నువ్వు కాదు, నీ భార్యను పంపు, మీటింగ్ మాట ఎత్తొద్దని చెప్పు. పిల్లగాడు అన్నం తింటున్నడా, రాత్రి ఇంటికొస్తున్నడా అని అడిగితె చాలు. సిగ్గు తోటి తలుపు మూసుకున్నది ఆమె, కోపం తోటి కాదు. వాని సంగతి ఆమెనే ఎత్తినప్పుడు 14446 నంబర్ కాగితం మీద రాసి చేతిల పెట్టమను.


రిటైర్డ్_జమాదార్

రెండో ఎఫ్ఐఆర్ అక్కర్లేదు. పెద్దమ్మ పేరు మీద తపాస్ అధికారికి ఒక అర్జు రాయుండ్రి, మరాఠీలనే: ఫలానా ఎఫ్ఐఆర్ నంబర్, ఫలానా తేదీ, గొలుసు గుంజినప్పుడు నా మెడకు గాయమైంది, భయంల అప్పుడు చెప్పలేకపోయిన, మెడికల్ కాగితం జత చేస్తున్న, నా పురవణీ జబాబ్ (అదనపు వాంగ్మూలం) ఇంట్ల తీసుకోవాలె, కలం (సెక్షన్) 309 కలపాలె. పురవణీ జబాబ్ అని అదే మాట రాయుండ్రి, వాళ్ళకు వెంటనే అర్థమైతది. డాక్టర్‌కు గాయం ఎట్లయిందో, ఏ రోజు అయిందో పెద్దమ్మనే నోటి తోటి చెప్పాలె, అది కాగితం మీద ఎక్కిందా లేదా చదివి చూసుకొనే బయటికి రాండ్రి. మెడ ఫోటోలు మూడు దిక్కుల నుంచి ఇయ్యాలనే తీసి పెట్టుండ్రి, పగటి వెలుతుర్ల. అర్జు రెండో కాపీ మీద ఆవక్ ముద్ర. గొలుసు కొన్న బిల్లు ఉంటె మంచిదే, లేకపోతె పెండ్లి ఫోటోల గొలుసు కనబడేది ఒకటి జత చేయుండ్రి, మాల్ దొరికిన రోజు ఓళఖ్‌కు (గుర్తుపట్టేటందుకు) అదే పనికొస్తది.